ఆరోగ్య విషయములు: తలమీది కాలిన మచ్చలో మానని పుండు

కాలిన గాయము మానినదనగానే ఇంటివారు దాని సంగతి మరచిపోవుదురు. చేతిమీద, కాలిమీద ఉన్న మచ్చ దినదినము కంటబడుచుండును గనుక అందులో మార్పు వచ్చినచో ఎవరో యొకరు గుర్తింతురు. తలమీది మచ్చకు ఆ భాగ్యము లేదు. దానిపైకి నాలుగు వెండ్రుకలు దువ్వి కప్పుదురు. సవరము పెట్టి ముడి చుట్టుదురు. ఆపైన కొంగు వేసికొందురు. అత్తవారింటికి వచ్చి ముప్పది సంవత్సరములైనను తలమీది మచ్చను ఎవరికంటను పడనీయని స్త్రీలు కలరు. ఆ చాటుననే ఒక్కొక్కప్పుడు రాచపుండు పుట్టును. ఇప్పుడు అందరు క్యాన్సరనుచున్నది దానినే.

ఈ మాసము ఈ సంగతి యెత్తుటకు ఒక సోదరి జాబు కారణము. ఆమె అత్తగారికి 58 ఏండ్లు. ఆరేండ్ల పిల్లగా నున్నప్పుడు పొయ్యి దగ్గర ఆడుకొనుచు నిప్పులలో తలక్రిందుగా పడినదట. గాయము మానుటకు కొన్ని మాసములు పట్టినది. మాడుమీద అరచేయి యంత మేర వెండ్రుకలు లేని నున్నని మచ్చ మిగిలినది. ప్రతి వేసవిలోను అది కొంచెము పగులుట, మరల మూసికొనుట అలవాటే. కాని ఐదు మాసముల క్రిందట మచ్చ అంచున ఒక పగులు పుండై ఇంతవరకు మానలేదు. రసి కారుచున్నది, వాసన వచ్చుచున్నది. నొప్పి లేదు గనుక పెద్దామె లెక్కచేయుట లేదు. మొదట పసరు పోసిరి. దుర్మాంసము పెరిగినదని తరువాత మైలుతుత్తము రాచిరి. పట్టణములోని వైద్యుడు చూచి, పుండునుండి ముక్క తీసి పరీక్షకు పంపవలెననెను. ఇంటి పెద్దలు, “కత్తి తగిలిన చెలరేగును, ముట్టనీయవద్దు” అనుచున్నారు. “మేమేమి చేయవలెను?” అని ఆ సోదరి యడుగుచున్నది.

మా సమాధానము ముందే చెప్పెదము. ముక్క తీయింపుడు, ఈ వారమే తీయింపుడు. అది రాచపుండేయని మేము చెప్పుటలేదు. జాబు చూచి ఎవ్వరును అట్లు నిర్ణయింపజాలరు. కాలిన మచ్చలో పుట్టి మానకుండ నిలిచిన పుండును, రాచపుండు కాదని పరీక్షలో తేలువరకు రాచపుండుగనే అనుమానింపవలెనని వైద్యుల నియమము. ఆ పట్టణవైద్యుడు సరియైన మాటయే చెప్పెను.

ఈ వ్యాధిని వైద్యులు మార్జొలిన్ పుండు అందురు. ఆసుపత్రి కాగితములలో ఆ పేరు కనబడినచో ఇదియేయని తెలిసికొనవచ్చును. మార్జొలిన్ ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు. పాత మచ్చలలో పులిపిరివలె పెరుగు పుండ్లను గూర్చి 1828 లో వ్రాసెను. అవి రాచపుండ్లని ఆయన యెరుగడు. 1903 లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు శస్త్రవైద్యుడు డకోస్టా, మచ్చలో పుట్టిన రాచపుండును మార్జొలిన్ పుండని పిలిచెను. తాను గుర్తింపని వ్యాధికి తన పేరు శాశ్వతముగ నిలిచినది! మన దేశమునందును దీనికి దగ్గర చుట్టమొకటి కలదు. కాశ్మీరమున చలికి ఓర్వలేక కాంగడీ యను నిప్పుకుంపటిని బట్టలక్రింద పొట్టకు ఆనించుకొందురు. అట్లు ఏండ్ల తరబడి వేడి తగిలిన చోట, పొట్టమీదను తొడలమీదను రాచపుండు పుట్టుచున్నదని ఎల్మ్‌స్లీ యను వైద్యుడు 1866 లోనే వ్రాసెను.

మానిన మచ్చలో వ్యాధి పుట్టుటెట్లు? లోతుగ కాలినచోట సహజమైన చర్మము మరల రాదు. వెండ్రుకల కుదుళ్ళు, చెమట గ్రంథులు, చమురు గ్రంథులు అన్నియు నశించును. వాని స్థానమున నారవంటి పదార్థము పేరుకొని, పైన పలుచని పొర మాత్రము ఏర్పడును. దానికి సాగుగుణము లేదు, రక్తప్రసారము తక్కువ. దువ్వెన పన్ను తగిలినను, గోరు తగిలినను, ఎండకు ఎండినను చిట్లును. చిట్లిన ప్రతిసారి అంచులనున్న చర్మకణములు దానిని పూడ్చుటకు వృద్ధిపొందవలెను. సంవత్సరముల తరబడి ఈ పని సాగుచుండగా ఎప్పుడో కొన్ని కణములు అదుపు తప్పి, పూడ్చుట మాని తమంత తాము పెరుగుటకు మొదలిడును. శరీరములో ఇట్టి దుష్టకణములను పట్టి నశింపజేయు రక్షకకణములు కలవు. ఇవి రక్తనాళముల ద్వారమునను, లసికనాళముల ద్వారమునను తిరుగుచుండును. మచ్చలో ఆ నాళములు సరిగ లేవు గనుక కావలివారు అచ్చటికి చేరలేరు. వ్యాధి మచ్చను దాటి మంచి చర్మములోనికి ప్రవేశించినదా, త్వరగ వ్యాపించును. ఎండవలన చర్మముపై పుట్టు సాధారణపు క్యాన్సరుకంటె ఇది క్రూరమైనదనుటకు హేతువిదియే.

తలకు మరియొక చిక్కు కలదు. పొట్టమీదను తొడమీదను చర్మము క్రింద క్రొవ్వు, కండ మందముగ నుండును. మాడుమీద చర్మము క్రిందనే పుఱ్ఱె యుండును. పుఱ్ఱె క్రింద మెదడు. పైగా వెండ్రుకలు లేని మచ్చపై ఎండ నేరుగ పడును.

ఇంతమాత్రమున కాలిన మచ్చ యున్న వారందరు బెదరిపోవలసిన పని లేదు. కాలిన మచ్చలలో నూటికి ఒకటి రెండింటిలో మాత్రమే ఈ మార్పు కలుగునని వైద్యగ్రంథములు సాధారణముగ చెప్పు లెక్క. అదియు సంవత్సరములు గడచిన పిమ్మట. కాలిన దినము మొదలు వ్యాధి కనబడువరకు సుమారు 30 ఏండ్లు పట్టుట పరిపాటి. 50 ఏండ్లకు వచ్చినవియు కలవు. ఏడాదిలోపల వచ్చినవి బహు అరుదు. పసితనమున కాలినవారికి ఆలస్యముగను, పెద్దతనమున కాలినవారికి త్వరగను వచ్చును. మానిన మచ్చ యెప్పుడును చిట్లక గట్టిగ నున్నచో అపాయము స్వల్పము. మాటిమాటికి పగిలి మానుచుండు మచ్చయే జాగ్రత్తగ చూడదగినది.

ఏమి చూడవలెను? మూడు నాలుగు వారములు గడచినను మూతపడని పుండు. పైన పక్కు కట్టి, అది రాలగానే క్రింద మరల పచ్చిగ నుండుట. అంచులు దళసరియై పైకి లేచి, బయటికి దొర్లినట్లుండుట. కోసిన గోబిపువ్వువలె గరుకుగ కండ పెరుగుట. ముట్టగానే రక్తము చిమ్ముట, దుర్గంధము. చెవి వెనుకను, చెవి ముందరను, పెడతలను, మెడలోను బిళ్ళలు కట్టుట. నొప్పి యుండవలెనని నియమము లేదు. లోతుగ కాలినచోట స్పర్శనిచ్చు నరములు గూడ నశించియుండును గనుక, పుండు ఎంత పెరిగినను కొందరికి తెలియనే తెలియదు. ఆ సోదరి అత్తగారు నొప్పి లేదని నిర్లక్ష్యము చేయుట ఇందుచేతనే మాకు నచ్చలేదు. మచ్చ గట్టిపడి తాడువలె ఉబ్బియుండుట మాత్రము వేరు విషయము. చర్మము చెక్కుచెదరక యున్న ఉబ్బును చూచి భయపడనక్కర లేదు. వైద్యునకు ఒకమారు చూపిన చాలును.

మన యిండ్లలోని మందులను గూర్చి ఒక్కమాట కఠినముగ చెప్పకతప్పదు. పసుపు, వేపాకు నూరి పెట్టినందున గొప్ప హాని లేకపోవచ్చును. కాని వానితో గడచిపోవు మాసములే హాని. మైలుతుత్తము, సున్నము వంటివి అట్లుగాక ప్రత్యక్షముగ కీడు చేయును. అవి పైనున్న కండను కాల్చివేయగా పుండు తగ్గినట్లు కనబడును. అడుగున వ్యాధి సాగుచునే యుండును. పైగా కాలిన చోటునుండి తీసిన ముక్క పరీక్షకు పనికిరాక, ఫలితము తారుమారు కావచ్చును. పూతమందు ఏది రాచినను, ఎన్నాళ్లు రాచినను వైద్యునకు దాచక చెప్పవలెను. “రాచితిమని తెలిసిన కోపపడును” అని భయపడి దాచువారు పెక్కుమంది.

ఇక కత్తి భయము. ముక్క తీసినందున రాచపుండు చెలరేగునను మాట మన దేశమంతట ఉన్నది. దానికి మూలము మాకు ఇట్లు తోచుచున్నది. పూర్వము రోగులు చివరిదశలో గాని ఆసుపత్రికి పోకుండిరి. పోయినపిదప ముక్క తీయుదురు; వ్యాధి ముదిరియే యున్నందున కొలది కాలమునకే రోగి మరణించును. చూచినవారికి కత్తియే కారణమని తోచెను. నిజమునకు ముక్క తీయుట బహు చిన్న పని. ఆ చోట సూదిమందు ఇచ్చి మొద్దుబారునట్లు చేసి, బియ్యపుగింజ మొదలు కందిగింజవరకు ఉండు ముక్కలు తీసి, మందునీటి సీసాలో వేసి పంపుదురు. ఇంటికి అదేదినము రావచ్చును. అంత చిన్నకోతవలన వ్యాధి వ్యాపించి ప్రాణము పోవుట జరుగదు. ముక్క తీయనిదే ఇది ఏ జాతి రాచపుండో తెలియదు. తెలియనిదే శస్త్రము ఎంత మేర చేయవలెనో తేలదు.

ఒక సంగతి మాత్రము గుర్తుంచుకొనుడు. పుండు పెద్దదైనప్పుడు ఒక్కచోట తీసిన ముక్క చాలదు. నడుమ భాగము కుళ్లి యుండవచ్చును. ఉబికిన అంచునను, కొంత లోతునను, రెండుమూడు చోట్ల తీయవలెను. మొదటి ఫలితములో “వాపు మాత్రమే, క్యాన్సరు లేదు” అని వచ్చినను, పుండు మానక యున్నచో మరల తీయించుట న్యాయము. ఫలితపు కాగితమును పారవేయక భద్రపరుపుడు. ఈ మచ్చలలో వచ్చునది చాలవరకు పొలుసుకణముల క్యాన్సరు, అనగా చర్మపు పైపొరల కణములలో పుట్టునది. తక్కిన జాతులు తక్కువ.

రాచపుండని తేలినయెడల తలకు స్కాను తీయుదురు. సి.టి. స్కాను పుఱ్ఱె యెముక తినబడినదో లేదో చూపును, ఎం.ఆర్.ఐ. మెదడును కప్పియుండు పొర వరకు వ్యాధి పోయినదేమో చూపును. మెడలో బిళ్ళ తగిలినచో సన్నని సూదితో దానినుండి కణములను లాగి పరీక్షింతురు. ఈ పరీక్షలన్నియు ఎందులకని విసుగుకొనుట తగదు. శస్త్రమునకు పూనుకొన్నవారు లోపలికి పోయిన పిమ్మట ఎముక చెడినదని తెలిసికొనుటకంటె ముందే తెలిసికొనుట మేలు గదా!

చికిత్సలో మొదటిది, ముఖ్యమైనది శస్త్రమే. పుండును మాత్రము చెక్కివేసిన అది మరల వచ్చును. పుండు చుట్టును కనీసము 2 సెంటీమీటర్ల మేర, అనగా బొటనవ్రేలి వెడల్పున, మంచిగ కనబడు చర్మమును గూడ కలిపి తీసివేయుదురు. అడుగున ఎముకను అంటియున్న పలుచని పొర వరకు తీయవలసియుండును. తీసినదానిని మరల పరీక్షకు పంపి, అంచులలో వ్యాధి మిగులలేదని నిశ్చయింతురు. పుఱ్ఱె యెముకకు రెండు పలకలు కలవు. నడుమ మెత్తని పొర. పైపలకకు మాత్రము వ్యాధి తగిలినచో దానినే చెక్కివేయుదురు. ఎముక మందమంతయు చెడినచో ఆ భాగమును తీసివేయవలసివచ్చును. అట్టి పనికి మెదడు శస్త్రవైద్యుని సహాయము గూడ కావలెను. కావుననే చిన్న ఆసుపత్రిలో తొందరపడి కోయించుట మాకు సమ్మతము గాదు. ముక్క ఎక్కడనైనను తీయించవచ్చును. పెద్ద శస్త్రము మాత్రము క్యాన్సరు వైద్యుడు, చర్మము అతుకు వైద్యుడు కలిసి పనిచేయు చోటనే.

తీసిన చోటును కప్పుటయే ఇందలి కష్టమైన భాగము. ఎముకపై పొర మిగిలియున్నచో తొడనుండి ఉల్లిపొరవంటి పలుచని చర్మము తీసి దానిపై పరతురు. 5వ దినము ప్రాంతమున కట్టు విప్పి, అతుకు పట్టినదో లేదో చూతురు. ఉత్త ఎముకపై చర్మము పట్టదు. అట్టి యెడల ప్రక్కనున్న తలచర్మమును త్రిప్పి కప్పుదురు. చుట్టును కాలిన మచ్చయే యున్నచో త్రిప్పుటకు చర్మము దొరకదు. అప్పుడు తొడనుండిగాని వీపునుండిగాని మందమైన ఖండమును రక్తనాళములతో సహా తెచ్చి, ఆ నాళములను మెడలోనో కణతలోనో ఉన్న నాళములకు సూక్ష్మదర్శిని సహాయమున కుట్టుదురు. ఇది చాల గంటల పని. అయినను ఇప్పుడు మన పెద్ద ఆసుపత్రులలో జరుగుచున్నదే.

మెడలో బిళ్ళలలోనికి వ్యాధి పోయినదని తేలినచో వానిని గూడ తీసివేయుదురు. వ్యాధి లోతుగ నున్నప్పుడు, అంచులు సందేహముగ నున్నప్పుడు, బిళ్ళలలో వ్యాధి కనబడినప్పుడు శస్త్రము పిమ్మట రేడియేషను ఇత్తురు. శస్త్రమునకు అందనంత ముదిరినవారికి మందుల చికిత్స కలదు. శరీరపు రక్షకకణములను మేలుకొలుపు సెమిప్లిమాబ్ అను మందును, ఇట్టి ముదిరిన పొలుసుకణ క్యాన్సరునకు 2018 లో అమెరికా ప్రభుత్వము అంగీకరించెను. దాని వెల ఎక్కువ. త్వరగ గుర్తించి కోయించుకొన్నవారికి దానితో పని లేదు.

ఖర్చు మాటవలన వెనుదీయువారు పెక్కుమంది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖపట్నములోని హోమీ భాభా ఆసుపత్రి క్యాన్సరు కొరకే ఏర్పడినవి. చెన్నపట్టణమున అడయారులో 1954 లో స్థాపింపబడిన క్యాన్సరు సంస్థ డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషిఫలము. స్వంత చెల్లెలు ఈ వ్యాధితో పోగా ఆమె దానిని పూనికతో సాధించెను. ఆంధ్రదేశమున 2007 లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకములు క్యాన్సరు చికిత్సకును వర్తించును. ఆసుపత్రికి పోవునప్పుడు కార్డును, ఆధారును, ముక్క పరీక్ష కాగితమును వెంట గొనిపోవుడు. అచ్చట సహాయమునకు నియమింపబడినవారిని అడిగిన త్రోవ చెప్పుదురు.

పిల్లల తల కాలినప్పుడు చేయవలసిన పని ఈ వ్యాధికి నిజమైన నివారణ. వెంటనే 20 నిమిషములపాటు చల్లని పారునీటిక్రింద నుంచవలెను. మంచుగడ్డ, సిరా, పళ్లపొడి ముద్ద, కోడిగ్రుడ్డు సొన పూయరాదు. మూడు వారములలో మానని గాయము లోతైనదని గ్రహించి, దానంతట అది పూడునని ఎదురుచూడక చర్మము అతికించవలెను. పెండ్లీడు పిల్లలకు మాడుమీద వెండ్రుకలు లేని మచ్చ యున్నయెడల, ప్రక్కనున్న వెండ్రుకల చర్మము క్రింద రబ్బరు సంచి యుంచి, కొన్ని వారములు దానిలో ఉప్పునీరు కొంచెము కొంచెముగ నింపి చర్మమును సాగదీసి, పిదప మచ్చను తీసి ఆ చర్మముతో కప్పు పద్ధతి కలదు. దీనిని అందముకొరకే యని కొందరు పరిహసింతురు. మాటిమాటికి చిట్లు మచ్చ తొలగుట అందముకంటె పెద్ద లాభము.

మచ్చ యున్నవారు ఇంటిలో చేసికొనవలసినది స్వల్పమే. కుంకుడురసము, షాంపూ గట్టిగ రుద్దక మెల్లగ కడిగి, తడి ఒత్తి, కొబ్బరినూనె పలుచగ రాయవలెను. పేలదువ్వెన మచ్చ అంచునకు తగులనీయరాదు. సవరపు పిన్నులు మచ్చపై గ్రుచ్చరాదు. ఎండలో గుడ్డ కప్పుకొనవలెను. నెలకొకమారు తలంటునాడు కూతురుచేతనో కోడలిచేతనో వెలుతురున పాయలు తీయించి చూపించుకొనవలెను. ఫోనుతో ఒక చిత్రము తీసి యుంచినచో మరుసటి నెల పోల్చుటకు వీలగును. తిరుపతిలో తలనీలాలిచ్చినవారు ఆ దినమే అద్దములో చూచుకొనుడు. మంగలి “అమ్మా, ఇక్కడ పుండున్నది” అని చెప్పినచో ఆ మాటను పెడచెవిని పెట్టకుడు.

శస్త్రము జరిగినవారు మొదటి రెండేండ్లు రెండు మూడు నెలలకొకమారు, తరువాత ఐదేండ్లవరకు ఆరు మాసములకొకమారు వైద్యునకు మాడును, మెడను చూపించుకొనవలెను. మరల వచ్చునవి చాలవరకు ఆ మొదటి రెండు మూడేండ్లలోనే వచ్చును. అతికిన చర్మముపై వెండ్రుకలు మొలవవు. దానికి చెమట గాని చమురు గాని లేదు గనుక నూనె తామే రాయవలెను. వైద్యుడు అనుమతించినపిదప మెత్తని నూలుగుడ్డ చుట్టుకొని, దానిపై సవరమైనను టోపీవలె పెట్టుకొను వెండ్రుకలకప్పైనను ధరింపవచ్చును. రాత్రి పండుకొనునప్పుడు మాత్రము తీసివేయవలెను.